మౌస్ సైడ్ బటన్ల క్లిక్‌లు స్క్రీన్ రికార్డింగ్‌లో కనపడాలంటే ఏం చేయాలి?

#1 పాఠం_పలక

అందరికీ నమస్కారం. ఆఫీసు పనిలో వాడే సాఫ్ట్‌వేర్లు నేర్పించే వీడియోలు చేస్తుంటాను. స్క్రీన్ రికార్డ్ అవుతుంటే పక్కన మాట్లాడుతూ పోతాను, నా ముఖం ఎక్కడా కనపడదు. చూసేవాళ్లకు నా చెయ్యి అంటే ఆ బాణం గుర్తే.

మొన్న ఒక విద్యార్థి ఇలా రాశారు: "మేడం, 4 నిమిషాల 10 సెకన్ల దగ్గర పేజీ దానంతట అదే వెనక్కి వెళ్లిపోయింది. మీరు ఏం నొక్కారో మూడుసార్లు తిప్పి చూసినా తెలియలేదు." వెళ్లి చూస్తే నిజమే. బాణం పట్టిక మధ్యలో కదలకుండా నిలబడి ఉంది. మా రికార్డర్‌లో ఎడమ క్లిక్‌కు ఎర్ర వలయం, కుడి క్లిక్‌కు ఆకుపచ్చ వలయం వస్తాయి. అక్కడ ఏ వలయమూ రాలేదు, పేజీ మాత్రం మారిపోయింది. నేను నొక్కింది మౌస్ పక్కన బొటనవేలి దగ్గరుండే వెనక్కి బటన్. ఏళ్ల తరబడి అలవాటైపోయి, నొక్కుతున్నానన్న స్పృహ కూడా లేదు.

రికార్డర్ సెట్టింగ్స్ అంతా వెతికాను. ఎడమ, కుడి తప్ప ఇంకేమీ లేదు. బొటనవేలి బటన్లు రెండూ, వీలైతే చక్రం నొక్కడం కూడా వీడియోలో కనపడేలా చేయాలి. ఎక్కువగా విండోస్, అప్పుడప్పుడు లినక్స్. దారి చెప్పగలరా?

#2 కత్తెర_బల్ల

రికార్డ్ చేశాక ఎడిటింగ్‌లో ఆ చోట "వెనక్కి బటన్" అని చిన్న అక్షరాలు పెట్టేయండి. నేను ఇప్పటిదాకా అలాగే చేస్తున్నాను.

#3 పాఠం_పలక

కత్తెర_బల్ల గారూ, ఒకటి రెండు వీడియోలైతే అలాగే చేసేదాన్ని. 40కి పైగా ఉన్నాయి. పైగా ఎక్కడెక్కడ నొక్కానో నాకే గుర్తు లేదు. పేజీ మారిన ప్రతిచోటా ఆపి, ఇది లింకు వల్లా, బటన్ వల్లా అని చూడాల్సి వస్తోంది.

#4 కత్తెర_బల్ల

పాత వీడియోల సంగతికి ఒక ఉపాయం ఉంది. మీరు మాట్లాడుతూ రికార్డ్ చేశారు కదా, మైకు మౌస్ దగ్గరే ఉండి ఉంటుంది. ఎడిటర్‌లో ఆడియో తరంగాన్ని బాగా పెద్దది చేసి చూడండి. మాటలు లేని ఖాళీల్లో సన్నటి ముళ్లలా రెండు గీతలు పక్కపక్కనే కనపడతాయి. మొదటిది బటన్ కిందికి దిగిన చప్పుడు, రెండోది పైకి లేచిన చప్పుడు. ఆ జంట ఉండి, తెర మీద వలయం లేకపోతే అది మీ సైడ్ బటనే, కాకపోతే చక్రం. నా మౌస్‌లో అయితే సైడ్ బటన్ చప్పుడు ఎడమ బటన్ కన్నా కొంచెం మొద్దుగా ఉంటుంది, హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే తేడా తెలిసిపోతుంది.

శబ్దాన్ని శుభ్రం చేసే ఫిల్టర్ వేయకముందు ఉన్న ఫైల్ తీసుకోండి. ఆ ఫిల్టర్ తుడిచిపెట్టేది ముందుగా ఇలాంటి చప్పుళ్లనే.

#5 హుక్కు_లోపల

కొత్త వీడియోలకు చేయాల్సింది చెబుతాను. ముందు ఇది ఎందుకు జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా సులువు. ఇలాంటి క్లిక్ చూపించే ప్రోగ్రామ్‌లు రాసిన అనుభవంతో చెబుతున్నాను.

విండోస్‌లో ఎడమ బటన్ నొక్కితే దానికొక సందేశం, కుడి బటన్‌కు వేరే సందేశం, మధ్య బటన్‌కు (అంటే చక్రం నొక్కితే) ఇంకొకటి వస్తాయి. మూడింటికీ మూడు విడివిడి పేర్లు. ఈ రెండు సైడ్ బటన్లకు మాత్రం కలిపి ఒకటే సందేశం: "ఎక్స్ బటన్ నొక్కారు" అని. ఏ ఎక్స్ బటన్ అన్నది ఆ సందేశంలో ఉండదు, దానితో వచ్చే డేటాలో పై భాగం విప్పి చూడాలి. అక్కడ 1 ఉంటే మొదటిది (మామూలుగా వెనక్కి), 2 ఉంటే రెండోది (ముందుకు). రికార్డర్ రాసేవాళ్లు చాలామంది ఎడమ, కుడి పట్టుకుని, మహా అయితే మధ్యది కలిపి ఆపేస్తారు. మిగతావన్నీ "ఇతరాలు" అని వదిలేస్తారు. మీ క్లిక్ కంప్యూటర్‌కు అందింది, బ్రౌజర్‌కూ అందింది, వలయం గీసే ప్రోగ్రామ్ మాత్రమే దాన్ని పట్టించుకోలేదు.

ఈ బటన్లు కొత్తవేమీ కావు. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లిమౌస్ ఎక్స్‌ప్లోరర్ బొటనవేలి దగ్గర రెండు బటన్లతో వచ్చింది, విండోస్ 2000 నుంచి సిస్టమ్‌లోనే వాటికి చోటుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా రికార్డర్లలో ఎడమ, కుడి అని రెండే గడులు కనపడితే నాకు బాధగానే ఉంటుంది. నేర్పేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఏదైనా ఇన్‌స్టాల్ చేసే ముందు ఒక్క పరీక్ష చేయండి. మౌస్ బటన్లు పరీక్షించే వెబ్‌పేజీని కొత్త ట్యాబ్‌లో తెరవండి (వెనక్కి వెళ్లడానికి పాత పేజీ లేకుండా ఉండాలి, లేకపోతే నొక్కగానే పరీక్ష పేజీయే వెళ్లిపోతుంది). బ్రౌజర్ లెక్కలో ఎడమ 0, మధ్య 1, కుడి 2, వెనక్కి 3, ముందుకు 4. రెండు సైడ్ బటన్లూ నొక్కి ఏం వచ్చిందో ఇక్కడ రాయండి.

#6 మూడు_బటన్లు

నాదొక మాట. పాఠం చెప్పేటప్పుడు సైడ్ బటన్లు వాడకపోతే సరిపోదా? తెర మీద ఉన్న వెనక్కి బాణం దాకా వెళ్లి క్లిక్ చేస్తే చూసేవాళ్లకు దారి కూడా తెలుస్తుంది. నేను పాఠాలు రికార్డ్ చేసేటప్పుడు పాత మూడు బటన్ల మౌస్ తగిలించుకుంటాను. చెయ్యి మర్చిపోయి నొక్కుదామన్నా అక్కడ బటన్ ఉండదు.

#7 త్రీడీ_చేతిపని

మూడు_బటన్లు గారూ, బ్రౌజర్ పాఠాలకు మీరన్నది సబబే. నేను త్రీడీ మోడలింగ్ నేర్పుతాను, మాకు అది కుదరదు. బ్లెండర్‌లో మధ్య బటన్ నొక్కిపట్టి కదిపితేనే దృశ్యం తిరుగుతుంది, షిఫ్ట్‌తో కలిపి పడితే పక్కకు జరుగుతుంది. ఆ బటన్ కనపడకపోతే పాఠమే లేదు. బ్లెండర్ వరకైతే స్క్రీన్‌కాస్ట్ కీస్ అనే యాడాన్ ఉంది, కీలతో పాటు మౌస్ బటన్లు కూడా చూపిస్తుంది. బయట ప్రోగ్రామ్‌లకే తిప్పలు.

ఇంకో సంగతి. మాలాంటివాళ్లకు క్లిక్ అంటే నొక్కి వదలడం మాత్రమే కాదు, నొక్కిపట్టడం కూడా. చాలా పరికరాలు బటన్ దిగగానే ఒక వలయం మెరిపించి ఊరుకుంటాయి. నేను 3 సెకన్లు పట్టుకుని తిప్పుతుంటే చూసేవాళ్లకు ఒక్క మెరుపు కనపడి, ఆ తర్వాత దృశ్యం గాల్లో తిరుగుతున్నట్టు ఉంటుంది. దిగినప్పటి నుంచి లేచేదాకా గుర్తు వెలుగుతూనే ఉండాలి. మీరు ఏ పరికరం ఎంచుకున్నా ముందు దీన్ని పరీక్షించండి.

#8 పాఠం_పలక

మూడు_బటన్లు గారూ, మీ సలహా వారం రోజులు పాటించి చూశాను. బాణం దాకా వెళ్లి రావడంలోనే ధ్యాస పోయి మాట తడబడుతోంది. అలవాటైన చెయ్యిని ఆపడం కన్నా దాన్ని చూపించడమే నయం అనిపించింది.

హుక్కు_లోపల గారూ, పరీక్ష చేశాను. వెనక్కి బటన్ నొక్కితే 3 వచ్చింది. ముందుకు బటన్ నొక్కితే ఏమీ రాలేదు! కానీ మామూలుగా బ్రౌజర్‌లో వాడితే ముందుకు వెళ్తోంది. బటన్ పాడైతే పని చేయకూడదు కదా?

#9 హుక్కు_లోపల

బటన్ బాగానే ఉంది. మౌస్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇన్‌స్టాల్ చేశారా? అది ఆ బటన్‌ను కీబోర్డ్ షార్ట్‌కట్‌గా మార్చి ఉంటుంది. మీరు బటన్ నొక్కితే అది "ఆల్ట్ + కుడి బాణం" అని పంపుతుంది, బ్రౌజర్ ముందుకు వెళ్తుంది. ఫలితం ఒకటే, కానీ విండోస్ దృష్టిలో అక్కడ మౌస్ నొక్కడమన్నదే జరగలేదు, కీబోర్డ్ నొక్కారు. అలాంటప్పుడు ఎంత మంచి క్లిక్ ఓవర్‌లే (తెర మీద క్లిక్ గుర్తులు గీసే ప్రోగ్రామ్) పెట్టినా చూపించలేదు. చూపించడానికి అక్కడ క్లిక్ లేదు.

ఆ సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్‌కు పెట్టిన పని తీసేసి, మామూలు మౌస్ బటన్‌గా మార్చండి. కొన్ని మౌస్‌లు ఈ మార్పుల్ని తమ సొంత మెమరీలోనే దాచుకుంటాయి. సాఫ్ట్‌వేర్ తీసేసినా పాత షార్ట్‌కట్ అలాగే ఉండిపోతుంది. కాబట్టి ముందు మార్చండి, తర్వాతే తీసేయండి.

#10 పాఠం_పలక

అదే! ఎప్పుడో నేనే పెట్టుకున్న షార్ట్‌కట్ అక్కడ ఉంది. తీసేశాక 4 వచ్చింది. ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు ఏం పెట్టాలి?

#11 త్రీడీ_చేతిపని

మధ్యలో అడ్డొస్తున్నా, నాదీ దీనికి దగ్గరి సమస్యే. నా మౌస్‌కు బొటనవేలి దగ్గర 12 బటన్లు ఉన్నాయి. పరీక్ష పేజీలో ఒక్కటి కూడా రాలేదు. వీటిని చూపించే మార్గం ఉందా?

#12 హుక్కు_లోపల

త్రీడీ_చేతిపని గారూ, విండోస్ మౌస్ బటన్లుగా గుర్తించేవి 5 మాత్రమే: ఎడమ, కుడి, మధ్య, రెండు ఎక్స్ బటన్లు. అంతకు మించి ఉన్న బటన్లను మౌస్ కంపెనీలు కీబోర్డ్ రూపంలో పంపుతాయి. మీ మౌస్ కేబుల్ ఒకటే అయినా, కంప్యూటర్‌కు ఒక మౌస్, ఒక కీబోర్డ్ తగిలించినట్టు కనపడుతుంది. డివైస్ మేనేజర్‌లో కీబోర్డుల జాబితా తెరిస్తే మీకే తెలుస్తుంది.

దీన్నే మనకు అనుకూలంగా మలచుకోవచ్చు. ఆ బటన్లకు ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా కీలు కేటాయించండి. ఇవి మామూలు కీబోర్డుల మీద ఉండవు, విండోస్ మాత్రం గుర్తిస్తుంది, ప్రోగ్రామ్‌లు దాదాపు వాడవు. సరిగ్గా 12 కీలు, మీకు 12 బటన్లు. తర్వాత కీలు చూపించే ఓవర్‌లేలో ఎఫ్13 వస్తే "బొటనవేలు 1" అని రాసేలా పెట్టుకుంటే సరిపోతుంది. బ్లెండర్‌లో కూడా ఆ కీలకే పనులు అప్పగించుకోవచ్చు.

పాఠం_పలక గారికి రెండు దారులున్నాయి.

ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత రికార్డర్‌లో రికార్డ్ చేస్తుంటే, దానంతట అది క్లిక్‌లు గీయదు, బాణాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఇన్‌పుట్ ఓవర్‌లే అనే ఉచిత ప్లగిన్ తెర మూలలో ఒక మౌస్ బొమ్మ పెడుతుంది, మీరు ఏ బటన్ నొక్కితే బొమ్మలో ఆ బటన్ వెలుగుతుంది, వదిలేదాకా వెలుగుతూనే ఉంటుంది. దానికి ఒక చిత్రం, ఆ చిత్రంలో ఏ ముక్క ఏ బటన్‌దో చెప్పే ఒక లేఅవుట్ ఫైల్ కావాలి. సైడ్ బటన్లు కూడా ఆ లేఅవుట్‌లో పెట్టుకోవచ్చు.

వేరే రికార్డర్ అయితే, ఆటోహాట్‌కీలో (కీలకు, బటన్లకు మనకు కావలసిన పనులు అప్పగించే ప్రోగ్రామ్) నాలుగైదు వరుసల స్క్రిప్ట్ చాలు. అందులో ఈ బటన్లకు ఎక్స్‌బటన్1, ఎక్స్‌బటన్2 అని పేర్లు. నొక్కగానే బాణం పక్కన టూల్‌టిప్‌లో "వెనక్కి" అని చూపి, 600 మిల్లీసెకన్ల తర్వాత తీసేయమని రాస్తే అయిపోయింది. ఒక్కటి మర్చిపోకండి: బటన్ పేరుకు ముందు టిల్డా గుర్తు (ఆ చిన్న అల) పెట్టాలి. అది లేకపోతే క్లిక్ స్క్రిప్ట్ దగ్గరే ఆగిపోతుంది. "వెనక్కి" అని తెర మీద వస్తుంది కానీ పేజీ వెనక్కి వెళ్లదు.

#13 పెంగ్విన్_పెరడు

లినక్స్ సంగతి నేను చెబుతాను. ఇక్కడ అంకెలే వేరు, కంగారు పడకండి. ఎక్స్11లో (లినక్స్‌లో తెర, మౌస్, కీబోర్డ్ చూసుకునే పాత వ్యవస్థ) ఎడమ 1, మధ్య 2, కుడి 3. 4, 5 అంకెలు చక్రం పైకి, కిందికి తిప్పడానికి పోయాయి. 6, 7 చక్రాన్ని పక్కకు వంచడానికి. అందుకే వెనక్కి బటన్ 8, ముందుకు బటన్ 9. మౌస్ డబ్బా మీద "బటన్ 4" అని ఉందని ఏ ఓవర్‌లే సెట్టింగ్‌లోనైనా 4 అని ఇచ్చారంటే చక్రం తిప్పినప్పుడల్లా మీ గుర్తు వెలుగుతుంది. కొత్తగా చేసేవాళ్లు చాలామంది ఇక్కడే పడతారు.

ఇంకా లోపలికి వెళ్తే, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) దగ్గర ఎడమ 272, కుడి 273, మధ్య 274, సైడ్ 275, ఎక్స్‌ట్రా 276. ఈవీటెస్ట్ అనే పరీక్ష ప్రోగ్రామ్ నడిపి బటన్ నొక్కితే ఈ అంకెలే వస్తాయి. ఏదైనా అనుమానం వస్తే ముందు ఇక్కడ చూడండి. ఇక్కడే రాకపోతే పైన ఎన్ని ప్రోగ్రామ్‌లు మార్చినా ఫలితం ఉండదు.

ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్ వాడుతుంటే ఇంకో చిక్కు. ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ మీద పడే క్లిక్‌లను చూడకూడదన్నది వేలాండ్ కావాలని పెట్టిన నియమం. కాబట్టి ఎక్స్11లో పనిచేసిన ఓవర్‌లేలు ఇక్కడ మూగబోతాయి. కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో మౌస్ క్లిక్ యానిమేషన్ అనే ఎఫెక్ట్ వేలాండ్‌లోనూ పనిచేస్తుంది, ఎందుకంటే అది కంపోజిటర్ (తెర మీద విండోలన్నీ కలిపి గీసే ప్రోగ్రామ్) లోపలి భాగం. కానీ అందులో ఎడమ, మధ్య, కుడి మాత్రమే ఉన్నాయి. షోమీదకీ లాంటి ఓవర్‌లేలు నేరుగా ఇన్‌పుట్ పరికరాన్నే చదువుతాయి, దానికి అడ్మిన్ అనుమతి అడుగుతాయి.

కొందరు "మీ యూజర్‌ను ఇన్‌పుట్ గ్రూపులో చేర్చేయండి, అంతా పనిచేస్తుంది" అని సలహా ఇస్తారు. పనిచేస్తుంది, నిజమే. కానీ ఆ తర్వాత మీ పేరుతో నడిచే ఏ ప్రోగ్రామైనా మీరు కొట్టే ప్రతి కీనీ, పాస్‌వర్డ్‌లతో సహా, చదవగలదు. పాఠాల కోసం అంత తలుపు తెరవొద్దని నా గట్టి మాట. మీ సిస్టమ్‌లో ఎక్స్11 సెషన్ ఇంకా ఉంటే, రికార్డింగ్ రోజు అందులోకి లాగిన్ అవడం మేలు.

#14 పాఠం_పలక

ఆటోహాట్‌కీ దారి పట్టాను. స్క్రిప్ట్ రాశాను, టిల్డా పెట్టాను. నొక్కితే బాణం పక్కన "వెనక్కి" అని చక్కగా వస్తోంది. ఎంత సంతోషమేసిందో! గంట పాఠం రికార్డ్ చేసి తెరిచి చూస్తే... వీడియోలో ఒక్క టూల్‌టిప్ కూడా లేదు. నా తెర మీద వచ్చింది, కళ్లారా చూశాను. వీడియోలో లేదు. చాలా టెన్షన్‌గా ఉంది, రేపు ఇవ్వాల్సిన పాఠం ఇది.

#15 కత్తెర_బల్ల

రికార్డర్‌లో మీరు పట్టుకుంటున్నది ఒక్క విండోనా, మొత్తం డిస్‌ప్లేనా?

#16 పాఠం_పలక

ఒక్క విండో. నోటిఫికేషన్లు పడకూడదని అలా పెట్టుకున్నాను.

#17 కత్తెర_బల్ల

అయితే కారణం అదే. టూల్‌టిప్ మీ బ్రౌజర్‌లో భాగం కాదు, దానిమీద తేలే వేరే చిన్న విండో. విండో క్యాప్చర్‌లో ఆ ఒక్క విండో బొమ్మే వస్తుంది, పైన తేలేవి రావు. డిస్‌ప్లే క్యాప్చర్‌కు మార్చండి, నోటిఫికేషన్లు సిస్టమ్‌లో ఆపేయండి. విండో క్యాప్చరే కావాలంటే ఓబీఎస్ ప్లగిన్ దారి మంచిది, అది బొమ్మను నేరుగా వీడియో సీన్‌లోనే గీస్తుంది, తెర మీద కాదు.

ఇక మీదట పది సెకన్లు రికార్డ్ చేసి, ఫైల్ తెరిచి చూశాకే అసలు పాఠం మొదలుపెట్టండి. ఎడమ, కుడి, మధ్య, వెనక్కి, ముందుకు: అయిదూ ఒకసారి నొక్కి చూసుకోండి. నేను ప్రతిసారీ చేస్తాను.

రేపటి పాఠానికి మాత్రం పైన చెప్పిన ఆడియో ఉపాయం ఉంది కదా, గంట వీడియోకు అరగంట పడుతుందేమో. కావాలంటే ఎలా వెతకాలో వివరంగా రాస్తాను.

#18 పాఠం_పలక

అక్కర్లేదండీ, రాత్రి కూర్చుని చేసేశాను. 14 చోట్ల దొరికింది. మీరన్నట్టే జంట ముళ్లు. అవి కనపడిన ప్రతిసారీ దొంగను పట్టుకున్నంత ఆనందం.

#19 సాయంత్రపు_సెషన్

నాకు వేరే తంటా. విండోస్‌లో క్లిక్‌లు చూపించే ఓవర్‌లే మొదట బాగా పనిచేస్తుంది. టాస్క్ మేనేజర్ తెరవగానే దాని మీద చేసిన క్లిక్‌లు ఒక్కటీ రావు. ఇంకోసారి అయితే పాఠం మధ్యలో, ఎక్కడా ఏ ఎర్రర్ లేకుండా, పూర్తిగా ఆగిపోయింది. మళ్లీ తెరిస్తే వచ్చింది.

#20 హుక్కు_లోపల

ఇవి రెండూ వేర్వేరు జబ్బులు.

టాస్క్ మేనేజర్ అడ్మిన్ హక్కులతో నడుస్తుంది. తక్కువ హక్కుతో నడిచే ప్రోగ్రామ్ ఎక్కువ హక్కు ఉన్న విండో మీది క్లిక్‌లను చూడకుండా విండోస్ అడ్డుకుంటుంది. మీ ఓవర్‌లేను కూడా "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టి తెరవండి, వస్తాయి. ఆ హక్కు ఇచ్చేముందు ఆ ప్రోగ్రామ్ నమ్మదగినదో కాదో చూసుకోండి.

రెండోది ఇంకా సూక్ష్మం. ఈ ఓవర్‌లేలు విండోస్‌లో ఒక హుక్ తగిలించుకుంటాయి. మౌస్ ప్రతి కదలికా ముందు ఆ హుక్‌కు చేరి, అది జవాబిచ్చాకే ముందుకు పోతుంది. హుక్ ఆలస్యం చేస్తే మౌస్ మొత్తం ఆగాగి నడుస్తుంది. అందుకని విండోస్ ఒక గడువు పెట్టింది. విండోస్ 7 నుంచి, గడువు దాటించే హుక్‌ను సిస్టమ్ చెప్పాపెట్టకుండా తీసేస్తుంది. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, ఐకాన్ కనపడుతూనే ఉంటుంది, క్లిక్‌లు మాత్రం దానికి చేరవు. రిజిస్ట్రీలో ఆ గడువు పెంచుకోవచ్చు కానీ, విండోస్ 10 1709 వెర్షన్ నుంచి 1 సెకనుకు మించి ఒప్పుకోదు. రికార్డింగ్ వల్ల ప్రాసెసర్ మీద భారం పడినప్పుడు ఇది ఎక్కువగా కనపడుతుంది. ఎన్‌కోడింగ్‌ను (వీడియోను కుదించి ఫైల్‌గా మార్చే పని) గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించి చూడండి, చాలా వరకు తగ్గుతుంది.

#21 ఆపిల్_బల్ల

మ్యాక్ వాడేవాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ ఎడమ, కుడి తప్ప మిగతా బటన్లన్నిటికీ "ఇతర మౌస్ బటన్" అని ఒకే రకం ఈవెంట్, దానితో ఒక అంకె వస్తుంది: మధ్య 2, సైడ్ బటన్లు 3, 4. క్లిక్‌లు చూపించే ప్రోగ్రామ్ ఏదైనా పెట్టాక పనిచేయకపోతే సిస్టమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ విభాగం తెరిచి ఇన్‌పుట్ మానిటరింగ్, యాక్సెసిబిలిటీ అనుమతులు చూడండి. మ్యాక్ఓఎస్ కాటలీనా వెర్షన్ నుంచి ఇన్‌పుట్ మానిటరింగ్‌కు విడిగా అనుమతి ఇవ్వాలి. ఇచ్చాక ఆ ప్రోగ్రామ్‌ను ఒకసారి మూసి తెరవాలి.

#22 నీడలు_చూసేవాడు

ఇంతసేపూ అందరూ చూపించేవాళ్ల వైపు నుంచి మాట్లాడారు. నేను చూసేవాణ్ని. నాకు ఎరుపు, ఆకుపచ్చ విడివిడిగా తెలియవు. పాఠం_పలక గారూ, మీరు మొదట్లో రాసిన ఎర్ర వలయం, ఆకుపచ్చ వలయం నాకు ఒకటే. ఇంతకాలం కుడి క్లిక్ ఏదో మెనూ తెరుచుకోవడాన్ని బట్టి ఊహించుకుంటున్నాను. ఇప్పుడు ఇంకో మూడు బటన్లకు మూడు రంగులు చేరిస్తే నాలాంటివాళ్లకు ఇంకా కష్టం. దయచేసి రంగుతో పాటు ఒక మాటో, ఆకారమో పెట్టండి. ఎడమకు వలయం, కుడికి చతురస్రం అన్నా చాలు.

#23 పాఠం_పలక

ఇది నాకు అసలు తట్టనే లేదు. చెప్పినందుకు ఎంతో ధన్యవాదాలు. అయిదు బటన్లకూ మాటలే పెడతాను, వలయాలు ఒకే రంగులో ఉంచుతాను.

#24 కత్తెర_బల్ల

మాట పెట్టేటప్పుడు అది ఎంతసేపు ఉండాలన్నది కూడా చూసుకోండి. మామూలు క్లిక్ సెకనులో పదో వంతు కూడా ఉండదు. సెకనుకు 10 ఫ్రేముల జిఫ్ చేస్తే ఒక్కో ఫ్రేము 100 మిల్లీసెకన్లు, మీ క్లిక్ రెండు ఫ్రేముల మధ్యలో పడి మాయమైపోవచ్చు. 30 ఫ్రేముల వీడియోలో రెండు మూడు ఫ్రేముల్లో కనపడి పోతుంది, కన్ను పట్టుకోలేదు. బటన్ వదిలాక కూడా కనీసం అర సెకను నిలవాలి. అక్షరాలు చదవాలి కాబట్టి నేనైతే 800 మిల్లీసెకన్లు పెడతాను. అంతకన్నా ఎక్కువైతే వెంటవెంటనే రెండుసార్లు నొక్కినప్పుడు ఒక్కసారే నొక్కినట్టు కనపడుతుంది.

#25 త్రీడీ_చేతిపని

ఎఫ్13 ఉపాయం పనిచేసింది! 12 బటన్లూ పేర్లతో సహా కనపడుతున్నాయి. హుక్కు_లోపల గారికి చేతులెత్తి నమస్కారం. కీలు చూపించే ఓవర్‌లే వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: పాస్‌వర్డ్ కొట్టేముందు దాన్ని ఆపండి. నిన్న పరీక్ష వీడియోలో నా పాస్‌వర్డ్ ఒక్కో అక్షరం పెద్దగా వచ్చింది. పైకి ఎక్కించకముందే చూశాను కాబట్టి సరిపోయింది.

#26 పాఠం_పలక

అందరికీ చివరి కబురు. డిస్‌ప్లే క్యాప్చర్, ఆటోహాట్‌కీ స్క్రిప్ట్, 800 మిల్లీసెకన్లు. పట్టుకున్నంతసేపు మాట అలాగే నిలిచేలా, బటన్ లేచినప్పుడే లెక్క మొదలయ్యేలా మార్చాను. పది సెకన్ల పరీక్షలో అయిదు బటన్లూ వచ్చాయి.

మొదట ప్రశ్న అడిగిన విద్యార్థికే కొత్త వీడియో పంపించాను. ఆయన జవాబు: "ఇప్పుడు వెనక్కి అని కనపడింది మేడం. కానీ ఆ బటన్ నా మౌస్‌కు ఎక్కడుంది?" ఫోటో తీసి పంపారు. ఎడమ, కుడి, మధ్యలో చక్రం, అంతే. పక్కన నున్నటి ప్లాస్టిక్. ఆయన మౌస్‌కు సైడ్ బటన్లే లేవు.

ఆ ఫోటో చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. రెండు వారాలుగా నా క్లిక్ కనపడాలనే ఆలోచించాను. కనపడ్డాక ఆయన దాన్ని ఎలా చేస్తారన్నది ఆలోచించలేదు. కాబట్టి మాట మార్చాను. ఇప్పుడు సైడ్ బటన్ నొక్కితే రెండు వరుసలు వస్తున్నాయి: పైన "వెనక్కి", కింద చిన్నగా "ఆల్ట్ + ఎడమ బాణం".

#27 మూడు_బటన్లు

నాకు కావాల్సింది ఆ రెండో వరుసే. ముందుకు బటన్‌కు "ఆల్ట్ + కుడి బాణం" పెట్టారా?

#28 పాఠం_పలక

పెట్టానండీ. చక్రం నొక్కడానికి కూడా: లింకు మీద నొక్కితే కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటుంది కదా, దాని కింద "కంట్రోల్ + ఎడమ క్లిక్" అని రాశాను. స్క్రిప్ట్ కావలసినవాళ్లు అడగండి, ఇక్కడే పెడతాను.